పంచాయతీ డబ్బు ట్రెజరీలో ఉందంటారు, బయటికి మాత్రం రాదు. ఎవరు ఆపుతున్నారు?

ఎడమకాలువ (టెక్కలి వైపు):

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మాది టెక్కలి వైపు చిన్న పంచాయతీ. మా వీధి మురుగు కాలువ సగం కట్టి వదిలేశారు. కట్టినంత మేర బాగానే ఉంది. అది ఆగిపోయిన చోట నీరంతా చేరి పాచి పట్టేసింది, చిన్న వాన పడినా బడికెళ్లే పిల్లలు అందులోంచే నడవాలి. సర్పంచ్ గారిని అడిగితే ఖాతాలో డబ్బుంది, ట్రెజరీలో బిల్లు కదలడం లేదు అంటారు. కార్యదర్శిదీ అదే మాట. మండలానికి వెళ్తే పైనుంచి రావాలి అంటారు. ఆ పైన ఉన్నది ఎవరో ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. ఇంటి పన్ను మేమే కడుతున్నాం, రసీదు ఇస్తున్నారు, ఆ డబ్బు మా ఊరిదే కదా. మా ఊరి డబ్బు మా ఊరి కాలువకి పెట్టుకోవడానికి ఎక్కడో కూర్చున్నవాళ్లు సరే అనడమేంటి?

ఈమధ్య మా బావ, అంటే మా మేనమామ కొడుకు, ఫోన్లో ఇంకో సంగతి చెప్పాడు. వాళ్లు అమెరికాలో లూసియానా రాష్ట్రంలో ఉంటారు, పౌరసత్వం వచ్చి ఓటు కూడా ఉంది. 2025 మార్చి 29న అక్కడ రాష్ట్ర రాజ్యాంగంలో పన్నులు, ఖజానా, నిధుల గురించి ఉన్న అధ్యాయం తిరగరాయాలా వద్దా అని జనాన్నే అడిగారట. జనం వద్దన్నారు, అంతటితో అది ఆగిపోయింది. నాకు భలే ఆశ్చర్యమేసింది. ఇక్కడ మనం ఎమ్మెల్యేకి ఓటేస్తాం, ఆ తర్వాత ఐదేళ్లు ఖజానాలో ఏం జరుగుతోందో మనల్ని అడిగే నాథుడు లేడు.

అందుకే అడుగుతున్నాను. మన రాష్ట్రంలో ట్రెజరీ నుంచి డబ్బు తియ్యాలంటే అసలు ఎవరు ఒప్పుకోవాలి, మా పంచాయతీ డబ్బుకి కూడా అదే రూలా, అమెరికాలో లాగ మనల్ని అడిగే వీలు మన చట్టంలో ఎక్కడైనా ఉందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు, దండం పెడతాను. అన్ని పార్టీల పాలనలోనూ మా ఊళ్లో ఇదే మాట విన్నాం.

పాతఖజానా (శ్రీకాకుళం):

తమ్ముడూ, నేను ట్రెజరీ శాఖలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఈ "పైనుంచి రావాలి" అన్న మాట వెనక ఏముందో నాకు తెలిసినంతలో చెప్తాను.

రాష్ట్రం డబ్బుకి రాజ్యాంగం మూడు ఖాతాలు పెట్టింది. మొదటిది సంచిత నిధి. పన్నులు, కేంద్రం నుంచి వచ్చే వాటా, తెచ్చిన అప్పులు అన్నీ ఇందులోకే వస్తాయి. శాసనసభ చట్టం చెయ్యకుండా ఇందులోంచి పైసా తియ్యకూడదని 204, 266 అధికరణల్లో స్పష్టంగా ఉంది. బడ్జెట్ సమావేశాల చివర్లో పాస్ చేసే ద్రవ్య వినిమయ బిల్లు అదే. టీవీలో బడ్జెట్ ప్రసంగం అందరూ చూస్తారు గానీ డబ్బు తియ్యడానికి హక్కు వచ్చేది ఆ బిల్లుతోనే. రెండోది ఆగంతుక నిధి. తిత్లీ లాంటి తుపాను మీద పడినప్పుడు సభ కూర్చునేదాకా ఆగలేం కాబట్టి ముందు అందులోంచి తీసి, తర్వాత సభ ఆమోదంతో పూడుస్తారు.

మూడోది పబ్లిక్ అకౌంట్. నీ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. ఇది ప్రభుత్వం సొంత డబ్బు కాదు, ప్రభుత్వం దగ్గర ఉంచిన వేరేవాళ్ల డబ్బు. ఉద్యోగుల జీపీఎఫ్ (భవిష్య నిధి), రకరకాల డిపాజిట్లు, పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాలు, పంచాయతీలు ట్రెజరీలో జమ చేసే సొమ్ము ఇందులోకి వస్తాయి. సొంతదారుకి తిరిగి ఇవ్వడమే కాబట్టి దీన్ని తియ్యడానికి శాసనసభ ఓటు అక్కర్లేదు. నువ్వు కట్టిన ఇంటి పన్ను ఉండేది ఈ ఖాతాలోనే.

మొదటి ఖాతాకి కాపలా ఎంత గట్టిగా ఉంటుందో 2020లో చూశాం. ఆ జూన్‌లో ద్రవ్య వినిమయ బిల్లు శాసనసభలో పాసై శాసనమండలికి వెళ్లింది. రాజధానుల బిల్లుల గొడవలో మండలి దాన్ని తేల్చకుండానే నిరవధికంగా వాయిదా పడింది. డబ్బు బిల్లుని ఆపే అధికారం మండలికి లేదు, 14 రోజులు దాటితే ఆమోదించినట్టే లెక్క, కానీ ఆ 14 రోజులూ ఆగి తీరాలి. దాంతో జులై ఒకటిన జీతాలు, పింఛన్లు పడలేదు. ఖజానాలో డబ్బు లేకపోవడం వల్ల కాదు, తియ్యడానికి చట్టం లేకపోవడం వల్ల. గవర్నర్ సంతకం అయ్యాకే చెల్లింపులు కదిలాయి. మా పెన్షనర్లు ఆ నెల ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు, మందులు కొనుక్కోవాల్సిన వాళ్లు రోజూ ఫోన్ చేసేవారు.

మూడో ఖాతాకి అలాంటి కాపలా లేదు. పేరుకి మూడు ఖాతాలే గానీ రిజర్వు బ్యాంకు దగ్గర రాష్ట్రానికి ఉండే నగదు అంతా ఒకే చోట ఉంటుంది. పుస్తకంలో మీ పంచాయతీ పేరు మీద నిల్వ కనిపిస్తుంది, అదే సమయంలో ఆ నగదు జీతాలకో వడ్డీలకో వెళ్లిపోయి ఉండొచ్చు. నగదు తక్కువ ఉన్న నెలలో ఏ బిల్లులు ముందు, ఏవి వెనక అన్నది ఆర్థిక శాఖ నిర్ణయిస్తుంది. జీతాలు, పింఛన్లు, అప్పుల కిస్తీలు ఆపలేరు, మిగిలిన వాటికి ఫ్రీజింగ్ పెడతారు, అంటే చెల్లింపు నిలిపేస్తారు. రిజర్వు బ్యాంకు మామూలు నిబంధన ప్రకారం రాష్ట్రం వరుసగా 14 పని దినాలకు మించి ఓవర్‌డ్రాఫ్ట్‌లో (అంటే పరిమితి దాటిన అప్పులో) ఉండకూడదు, ఉంటే చెల్లింపులే ఆగిపోతాయి. ఆ భయంతోనే చిన్న బిల్లులు నొక్కి పెడతారు. చిన్నవాళ్లు గట్టిగా అరవలేరు కదా, ముందు వాళ్లవే ఆగుతాయి.

మీ మండలంలో వాళ్లు చెప్పిన "పైన" ఇదీ.

కొత్తూరుకుర్రాడు:

సార్, సీఎఫ్ఎంఎస్ (ప్రభుత్వ బిల్లుల ఆన్‌లైన్ వ్యవస్థ) వచ్చాక ఇవన్నీ పోయాయి అన్నారు కదా? అంతా ఆన్‌లైన్, ఎవరూ ఆపలేరు అని.

పాతఖజానా (శ్రీకాకుళం):

2018లో అది వచ్చాక కాగితాలు మోసే బాధ తగ్గింది, ఆ మాట నిజం. ఇదివరకు మార్చి నెలాఖరు వస్తే సబ్ ట్రెజరీ వరండాలో బిల్లుల కట్టలు పట్టుకుని రాత్రి పదింటి దాకా జనం ఉండేవారు, 31 దాటితే బడ్జెట్ మురిగిపోతుందని. ఇప్పుడు ఆ రద్దీ లేదు. కానీ అప్పట్లో బిల్లు ఆగితే ఎస్టీవో (సబ్ ట్రెజరీ అధికారి) ఎదురుగా నిలబడి ఎందుకు ఆపారు అని అడిగేవాళ్లం, ఆయన అభ్యంతరం రాసి సంతకం పెట్టి ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు ఎస్టీవో పాస్ చేసేస్తాడు, టోకెన్ (బిల్లుకి ఇచ్చే నంబరు) కూడా వస్తుంది, డబ్బు మాత్రం రాజధానిలో విడుదలయ్యేదాకా రాదు. ఆపిన మనిషి కనిపించడు, కారణం రాసిన కాగితమూ ఉండదు. నా మటుకు నాకు అదే పెద్ద నష్టం అనిపిస్తుంది.

పంచాయతీ ఉద్యోగిని (నరసన్నపేట వైపు):

ఎడమకాలువ గారూ, సెక్రటరీల వైపు నుంచి కూడా కొంచెం వినండి. మీ కార్యదర్శి అబద్ధం చెప్తున్నారని నేననుకోవడం లేదు, కానీ సగమే చెప్తున్నారు.

మా దగ్గర రెండు రకాల డబ్బు ఉంటుంది. ఒకటి జనరల్ ఫండ్, అంటే ఇంటి పన్ను, కుళాయి పన్ను, సంత వేలం, చెరువులో చేపల పాట. పాతఖజానా సార్ చెప్పినట్టు ఇది ట్రెజరీలో ఉంటుంది. రెండోది కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంటు. ఒకప్పుడు దీని పరిస్థితీ అలాగే ఉండేది. 2021 చివర్లో రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కింది దీని గురించే, పంచాయతీలకి వచ్చిన ఆర్థిక సంఘం డబ్బుని కరెంటు బకాయిల కింద డిస్కమ్‌లకి సర్దేశారని. కొన్నిచోట్ల సర్పంచ్ గారు ఖాతా చూసుకుంటే సున్నా. ఆ తర్వాత కేంద్రం పట్టుబట్టి వీటికి విడిగా బ్యాంకు ఖాతాలు తెరిపించింది. ఇప్పుడు ఆ డబ్బు పీఎఫ్ఎంఎస్ (కేంద్రం ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ) ద్వారా వెళ్తుంది, సర్పంచ్ గారి డిజిటల్ కీ, కార్యదర్శి డిజిటల్ కీ రెండూ పెడితేనే కదులుతుంది. వేలెడంత ఉంటుంది ఆ కీ, దాన్ని సర్పంచ్ గారు బీరువాలో పెట్టి ఊరెళ్తే ఆ వారమంతా మాకు చెల్లింపులు బంద్.

అంచేత మీరు ముందు అడగాల్సింది ఆ కాలువ పని ఏ పద్దు కింద పెట్టారు అని. 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంటులో 60 శాతం పారిశుద్ధ్యానికి, తాగునీటికే ఖర్చు పెట్టాలి, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి. మురుగునీటి పని ఆ 60 శాతంలోకే వస్తుంది. ఆ పద్దులో పెట్టి ఉంటే ట్రెజరీ ఫ్రీజింగ్ అన్న మాట దానికి అసలు వర్తించదు. జనరల్ ఫండ్‌లో పెట్టి ఉంటే మాత్రం ఆగడం మామూలే.

ఇంకోటి. బిల్లు పెట్టాం అని చెప్పగానే నమ్మెయ్యకండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి కొలతలు తీసి ఎంబీలో (కొలతల పుస్తకంలో) రాసి సంతకం చెయ్యనిదే బిల్లే పుట్టదు. నేను చూసిన చాలా "ట్రెజరీలో ఆగిన" బిల్లులు నిజానికి ఎంబీ దగ్గరే ఆగి ఉంటాయి. ఎంబీ అయిందా, బిల్లు అప్‌లోడ్ అయిందా, టోకెన్ వచ్చిందా, వస్తే ఏ తేదీన, ఈ ప్రశ్నలు అడగండి. మా లాగిన్‌లో అన్నీ కనిపిస్తాయి, చూపించమంటే చూపించాలి.

బాటన్‌రూజ్ బావ:

బావా, లింకు పంపావు కదా, చదివాను. అక్కడ అందరూ అమెరికాలో జనమే ఖజానా నడుపుతున్నారు అనుకుంటారేమో అని ఇది రాస్తున్నాను.

మేం ఓటేసింది నాలుగు సవరణల మీద, నువ్వు చెప్పింది అందులో రెండోది. మా రాష్ట్ర రాజ్యాంగంలో ఏడో అధ్యాయం ఆదాయం, ఆర్థిక వ్యవహారాల గురించి. గవర్నర్ జెఫ్ లాండ్రీ 2024 నవంబరులో ప్రత్యేక సమావేశం పెట్టి పన్నులు మార్చారు, అందులో భాగంగా ఈ అధ్యాయాన్ని తిరగరాసి మా ముందు పెట్టారు. సవరణ మొత్తం వందకి పైగా పేజీలు. బ్యాలెట్ మీద మాకు కనిపించింది 91 మాటలు. ఆదాయపు పన్ను గరిష్ఠ పరిమితి తగ్గింపు, 65 ఏళ్లు దాటినవాళ్లకి మినహాయింపు పెంపు, ప్రభుత్వ ఖర్చు పెరుగుదలకి హద్దు, కొన్ని నిధుల నిర్వహణలో మార్పు, టీచర్లకి శాశ్వతంగా జీతం పెంపు, ఇవన్నీ ఒకే వాక్యంలో. చివర్లో "ఇతర మార్పులు కూడా" అని. అన్నిటికీ కలిపి ఒకటే అవును, ఒకటే కాదు.

నిధుల్లో మార్పు అన్నదాంట్లోనే అసలు సంగతి ఉంది. కష్టకాలానికి దాచే రెండు నిధుల్ని కలిపెయ్యడం, చదువుల కోసం పెట్టిన ట్రస్టు నిధుల్ని ఖాళీ చేసి టీచర్ల పింఛను అప్పు తీర్చడం, ఆ మిగులుతో టీచర్లకి ఏడాదికి 2,000 డాలర్లు, సహాయ సిబ్బందికి 1,000 డాలర్లు పెంచడం. టీచర్ల జీతం నాకు ఇష్టమే, మా ఆవిడ బళ్లోనే పని చేస్తుంది, అది పెరిగితే మా ఇంటికే మంచిది. కానీ చదువుల నిధి అమ్మేసి ఇవ్వడం నాకు నచ్చలేదు. వేరువేరుగా అడిగితే ఒకదానికి అవును, ఒకదానికి కాదు అనేవాణ్ణి. అలా అడగలేదు కాబట్టి కాదు అనే వేశాను. నాలుగు సవరణలూ ఓడిపోయాయి, వ్యతిరేకంగా దాదాపు 65 శాతం. ఓటేసినవాళ్లు మాత్రం నమోదైన ఓటర్లలో అయిదో వంతు ఉంటారంతే.

ఇంకో విషయం తెలుసుకో. మా రాష్ట్రంలో జనం తమంతట తాము ప్రశ్న పెట్టలేరు. శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుని పంపితేనే మా దాకా వస్తుంది. రోజువారీ ఖర్చుకి ఇక్కడా మీలాంటి రూలే, నిర్దిష్టమైన కేటాయింపు లేకుండా ఖజానా నుంచి డబ్బు తియ్యకూడదు, ఏ కేటాయింపూ ఏడాదికి మించి చెల్లదు. తేడా ఏంటంటే ఆ రూలుని, నిధుల్ని కదిలించాలంటే రాజ్యాంగం మార్చాలి, రాజ్యాంగం మార్చాలంటే మా ఓటు కావాలి. ట్రెజరర్‌ని కూడా మేమే ఎన్నుకుంటాం.

మామయ్యకి నా నమస్కారాలు చెప్పు.

బిల్లుల బాధితుడు (విజయనగరం):

అందరూ రాజ్యాంగం చెప్తున్నారు, నేను నా కడుపుమంట చెప్తాను.

ఉపాధి హామీ మెటీరియల్ పనుల్లో సీసీ రోడ్డు వేశాను. సిమెంటు అప్పు, కంకర అప్పు, మిక్సరు అద్దె. రోడ్డు మీద జనం నడుస్తున్నారు, బళ్లు తిరుగుతున్నాయి, నా బిల్లు మాత్రం సంవత్సరాలు నిద్రపోయింది. ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టాం. ఏ ఆఫీసుకి వెళ్లినా బిల్లు ఓకే, నిధుల్లేవు, ఇదొక్కటే మాట. నాలాంటి వాళ్లు రాష్ట్రమంతా ఉన్నారు కాబట్టే కోర్టుకెళ్లారు, 2021 అక్టోబరులో హైకోర్టు 12 శాతం వడ్డీతో కట్టమని చెప్పాల్సి వచ్చింది. కోర్టుకి వెళ్లే స్తోమత లేనివాడి సంగతేంటి?

నాకు పాతఖజానా గారి మాటల్లో ఒకటి తట్టింది. చట్టం లేకుండా తియ్యకూడదు అని రాజ్యాంగంలో రాశారు, బాగుంది. చట్టం చేశాక ఇచ్చి తీరాలి అని ఎక్కడ రాశారు? బడ్జెట్‌లో పెడతారు, సభలో చేతులెత్తుతారు, పాసవుతుంది, పేపర్లో మన జిల్లాకి ఇన్ని కోట్లు అని వస్తుంది. తర్వాత విడుదల చెయ్యకపోతే అడిగే దిక్కు లేదు. ఓటు పెట్టాలంటే దాని మీద పెట్టండి. పని చేయించుకుని, కొలతలు రాసుకుని, సంతకాలు పెట్టి, ఇన్ని రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే దానంతటదే వడ్డీ పడాలి, ఆ బిల్లుల జాబితా వచ్చిన వరసలో అందరికీ కనపడేలా గోడ మీద అంటించాలి. నా వెనక పెట్టినవాడి బిల్లు నా కంటే ముందు వెళ్లిపోతే ఎందుకు వెళ్లిందో తెలియాలి. దీనికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు.

బొబ్బిలి మాస్టారు:

బాధితుడు గారి మాటతో నేను నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. పబ్లిక్ అకౌంట్ గురించి ఒక ఉదాహరణ కలుపుతాను, ఎందుకంటే మా ఉద్యోగులకి అది గట్టిగా తగిలింది. 2022 జూన్‌లో వేల మంది ఉద్యోగుల జీపీఎఫ్ ఖాతాల నుంచి డబ్బు వెనక్కి పోయినట్టు స్లిప్పుల్లో కనపడింది, మొత్తం సుమారు 800 కోట్లని ఉద్యోగ సంఘాల నాయకులు చెప్పారు. సాంకేతిక పొరపాటు అని ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. కారణం ఏదైనా కానివ్వండి, జీపీఎఫ్ అంటే మా జీతంలోంచి కోసి దాచుకున్నది, పిల్ల పెళ్లికో ఇంటికో తీసుకుంటాం. దాన్ని మాకు చెప్పకుండా, మా సంతకం లేకుండా కదిలించే వీలు ఒక కంప్యూటరుకి ఉందని ఆరోజు తెలిసింది. శాసనసభ ఎంత గట్టిగా కాపలా కాసినా అది మొదటి ఖాతాకే కాస్తుంది, మా డబ్బు, మీ ఊరి డబ్బు ఉన్నది కాపలా లేని చోట. ఎడమకాలువ గారు పెట్టిన ప్రశ్న అందుకే చాలా పెద్దది అంటాను.

ఇప్పుడు బావగారు చెప్పిన 91 మాటల సంగతి. అది చదివి అందరూ అయితే ఓటుతో ఏం లాభం అనుకోకూడదని నా విన్నపం. వంద పేజీలు ఒక్క ప్రశ్నలో కుక్కడం తప్పు, ప్రశ్న అడగడం తప్పు కాదు. మన రాజ్యాంగంలో బడ్జెట్ మీద జనం నేరుగా ఓటేసే పద్ధతి లేదు, దగ్గర్లో వస్తుందని కూడా నేను అనుకోను. కానీ మనకి గ్రామసభ ఉంది. 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులు ఆమోదించారు కదా, అంటే తల్చుకుంటే పెట్టగలరు. పంచాయతీ పేరు మీద ట్రెజరీలో ఉన్న డబ్బుని వేరే అవసరానికి వాడాలన్నా, నెలల తరబడి ఆపాలన్నా ముందు గ్రామసభ తీర్మానం ఉండాలి అని పంచాయతీరాజ్ చట్టంలో ఒక్క సెక్షన్ కలిపితే చాలు. చిన్న ప్రశ్న, ఒకటే విషయం, చెయ్యెత్తేవాడికి తను దేనికి ఎత్తుతున్నాడో తెలుస్తుంది.

పాతఖజానా (శ్రీకాకుళం):

మాస్టారూ, మీ ఉద్దేశం మంచిదే, కానీ ఇన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను కాబట్టి ఒక మాట చెప్పాలి. వేల పంచాయతీల డబ్బు, మున్సిపాలిటీల డబ్బు, జీపీఎఫ్, డిపాజిట్లు అన్నీ తాళం వేసి పక్కన పెడితే రాష్ట్రం ప్రతి నెలా ఆ మేరకు ఎక్కువ అప్పు తేవాలి, దాని వడ్డీ కూడా మనమే కట్టాలి. నిజాయతీగా నడిపే ఆర్థిక శాఖ అయినా ఆ నగదుని కొన్నాళ్లు వాడుకోక తప్పదు, అన్ని రాష్ట్రాలూ చేసేదే. వాడుకోవడం కాదు నా అభ్యంతరం. సొంతదారు వచ్చి అడిగిన రోజున ఇవ్వకపోవడం, ఎందుకివ్వలేదో చెప్పకపోవడం. బ్యాంకు కూడా మన డబ్బు వాడుకుంటుంది, కానీ చెక్కు ఇస్తే ఇన్నాళ్లు ఆగు అనదు.

కాబట్టి గ్రామసభ తీర్మానం కంటే బాధితుడు గారు చెప్పిన వరస జాబితా నాకు ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తోంది. టోకెన్ తేదీ, మొత్తం, ఆపిన కారణం, ప్రతి సబ్ ట్రెజరీ బయట బోర్డు మీద. మన రాష్ట్రంలో 2021 ఆగస్టులో జీవోలు వెబ్‌సైట్లో పెట్టడమే ఆపేశారు, మళ్లీ 2024 ఆగస్టులో మొదలుపెట్టారు. ఆ మధ్యలో ఏ నిధి ఎవరికి విడుదలైందో జీవో చూసి తెలుసుకునే దారి కూడా చాలావరకు మూసుకుపోయింది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఉంది, ప్రజా పద్దుల కమిటీ ఉంది, కానీ కాగ్ నివేదిక వచ్చేసరికి మీ కాలువ కట్టిన మేస్త్రీ వలస వెళ్లిపోయి ఉంటాడు.

బొబ్బిలి మాస్టారు:

బోర్డు పెట్టమనండి, నేను మొదట చప్పట్లు కొడతాను. కానీ బోర్డు చదివాక ఆ ఊరివాళ్లకి వద్దు అనే హక్కు కూడా ఉండాలి సార్. ఉత్తినే చూసి ఊరుకోవడానికైతే మా స్లిప్పులు మేమూ చూశాం. ఈ విషయంలో మీతో నాకు కుదరదు, కానీ మీరు చెప్పినంత వివరంగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, దానికి కృతజ్ఞతలు.

ఎడమకాలువ (టెక్కలి వైపు):

అందరికీ చాలా థ్యాంక్స్. పంచాయతీ ఉద్యోగిని గారూ, మీరు చెప్పినట్టే ఇవాళ మా కార్యదర్శి గారిని పద్దు అడిగాను. ముందు జనరల్ ఫండ్ అన్నారు, తీర్మానం పుస్తకం చూద్దామంటే కాదు కాదు ఆర్థిక సంఘం అన్నారు, ఎంబీ అయిందా అంటే ఏఈ గారిని అడగాలి అన్నారు. ఆయన్ని తిట్టాలని కాదు, ఆయన నాలుగు పనుల మధ్య నలిగిపోతున్న మనిషి. కానీ ఇన్నాళ్లూ ట్రెజరీ, ట్రెజరీ అని మేం నమ్మింది ఇంకా ట్రెజరీ గుమ్మం దాకా వెళ్లకుండానే ఉందేమో అని ఇప్పుడు అనుమానంగా ఉంది. దీన్ని రాతలో తీసుకోవాలి అనుకుంటున్నాను. సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో ఎవరైనా చెప్తారా, ఫీజు ఎంత?

పంచాయతీ ఉద్యోగిని (నరసన్నపేట వైపు):

మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. తెల్లరేషన్ కార్డు ఉంటే ఎక్కడా కట్టక్కర్లేదు, జిరాక్సు జత చెయ్యండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎందుకు అడుగుతున్నారో రాయాల్సిన పని లేదు, అడిగినా చెప్పక్కర్లేదు.

ఎందుకు ఆలస్యమైంది అని మాత్రం అడగకండి, వివరణలు ఇవ్వలేం అని తిప్పి పంపేస్తారు. కాగితాలు అడగండి. ఇలా రాయండి: "సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. మా పంచాయతీలో ఫలానా వీధి మురుగు కాలువ పనికి సంబంధించి గ్రామ పంచాయతీ తీర్మానం నకలు, అంచనా పత్రం నకలు, పని ఏ పద్దు కింద మంజూరైందో ఆ ఉత్తర్వు నకలు, ఎంబీలో కొలతలు రాసిన పేజీల నకలు, బిల్లు నంబరు, అప్‌లోడ్ చేసిన తేదీ, టోకెన్ నంబరు, నేటికి బిల్లు స్థితి చూపే ప్రింటు, అలాగే గత మూడు ఆర్థిక సంవత్సరాలకి పంచాయతీ జనరల్ ఫండ్, ఆర్థిక సంఘం ఖాతాల జమా ఖర్చుల వివరం ఇవ్వగలరు." కింద సంతకం, తేదీ, చిరునామా. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. ఎంబీ ఏఈ దగ్గర ఉంటుంది కాబట్టి అదే దరఖాస్తు మండల ఆఫీసులో కూడా ఒకటి పెట్టండి, లేకపోతే మా దగ్గర లేదు అని ఒక నెల పోతుంది.

బిల్లుల బాధితుడు (విజయనగరం):

ఎంబీ పేజీ నకలు వచ్చాక ఇక్కడ పెట్టండి తమ్ముడూ, పేర్లు చెరిపేసి. కొలతలు సరిగ్గా రాశారో లేదో నేను చూసి చెప్తాను.